రెండు వేళ్ల వదులు

అక్క పోయిందన్న మెసేజ్ అక్క ఫోను నుంచే వచ్చింది. సింగపూర్‌లో, మా ఇంటి దగ్గరి సెంగ్‌కాంగ్ స్టేషన్‌లో రైలెక్కి, కూర్చోవడానికి చోటు దొరక్క తలుపు పక్కన ఒరిగి నిలబడి ఉన్నాను. తెర మీద ఆమె పేరు చూడగానే నవ్వొచ్చింది. ఇన్నాళ్లకు గుర్తొచ్చానా అనుకుంటూ తెరిచాను. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. రాసింది ఆమెతో కలిసి పనిచేసిన ఇంకో నర్సు. అక్క పదకొండు రోజుల కిందట చనిపోయింది. ఎక్కువ రోజులు మంచం పట్టలేదు. దహనం కూడా అయిపోయింది. చివరి వాక్యం ఇది: "ఈ ఫోనులో మీ పేరు కిచకిచ తమ్ముడు అని ఉంది. మీరెవరో నాకు తెలియదు. ఇందులో ఉన్న అందరికీ చెబుతున్నాను."

నేను దిగాల్సిన స్టేషన్ ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు.

పదేళ్ల కిందట నేను వుడ్‌ల్యాండ్స్‌లో మరో ముగ్గురు బ్యాచిలర్లతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాణ్ని. వరంగల్ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎవరో దేశం వదిలి వెళ్లిపోతూ అమ్ముకున్న పాత మోటారు సైకిల్ ఒకటి కొన్నాను. నడపడం వచ్చు గానీ దాని గురించి ఇంకేమీ తెలియదు. మా దగ్గర అయితే వీధి చివర మెకానిక్ ఉండేవాడు. బండి అతని ముందు పడేసి, టీ తాగి వచ్చేసరికి ఏదో ఒకటి చేసి పెట్టేవాడు. ఇక్కడ కొన్న మూడో వారానికే వెనక చక్రం దగ్గర చప్పుడు మొదలైంది. ఒక శనివారం పొద్దున కార్ పార్క్‌లో దాని పక్కన గొంతుక్కూర్చుని, "ఏం సప్పుడే నీది, నా పానం తీస్తున్నవ్" అని బండిని తిట్టుకుంటున్నాను.

"పానం పోతున్నది బండిది. నీది కాదు," అని వెనక నుంచి తెలుగులో వినబడింది.

తిరిగి చూస్తే ఒక యాభై ఏళ్ల ఆవిడ. హెల్మెట్ ఇంకా తియ్యలేదు. నర్సుల యూనిఫామ్ ప్యాంటు కాళ్ల దగ్గర చక్రంలో పడకుండా రెండు రబ్బరు బ్యాండ్లు వేసుకుంది. ఆమె బండి హ్యాండిల్‌కి ప్లాస్టిక్ సంచిలో కాఫీ వేలాడుతోంది, అందులోంచి స్ట్రా బయటికొచ్చి ఉంది.

"ఆంటీ, మీరు తెలుగా?"

"నీకెన్నేళ్లు?"

"ఇరవై ఎనిమిది."

"అయితే నేను అక్కని. ఈ ఊళ్లో లిఫ్టెక్కిన ప్రతివాడూ ఆంటీ అనేవాడే. నువ్వైనా అక్కా అను. ఊఁ, బండెక్కి మెల్లిగా కాళ్లతో తోసుకుంటూ పో."

నేను తోసుకుంటూ వెళుతుంటే ఆమె తల ఒక పక్కకి వంచి బండితో పాటు నడిచింది. పదడుగులు కూడా పోలేదు. "కిచకిచ," అంది. "చైన్ ఎండిపోయింది. నూనె పెట్టి ఎన్నాళ్లయింది?"

"పెట్టాల్నా అక్కా?"

మాత్రలు మింగాలని నాకెవరూ చెప్పలేదన్న రోగిని చూసినట్టు చూసింది నన్ను. ఆ రోజు నుంచి నేను ఆమెకి కిచకిచ తమ్ముణ్ని.

ఆమెది నెల్లూరు వైపు. ముప్పై ఏళ్లుగా ఇక్కడ నర్సు. మాటలో నెల్లూరు యాస ఎంత ఉండేదో తమిళం, మలయ్ అంత ఉండేవి. తిన్నావా అని ఎప్పుడూ అడగలేదు. "మకాన్ అయిందా?" అనేది. ఆదివారాలు తప్ప మిగతా సెలవు రోజుల్లో నా చైన్ చూసేది. అవసరం ఉన్నా లేకపోయినా చూసేది. రోగాలు మూడే అని చెప్పింది: "వదులైతే కొడుతుంది, బిగిస్తే మూలుగుతుంది, ఎండితే కిచకిచమంటుంది. అంతే. మనుషుల్లాగా నాకేం లేదు సిస్టర్ అని అబద్ధం చెప్పదు."

ఆ మూడింటినీ నా చేత విడివిడిగా వినిపించింది. వదులు చైన్ యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా ఇనుముకి తగిలి టపటపమంటుంది. బిగుసుకున్న చైన్ పళ్ల మధ్య గాలి పీల్చినట్టు ఒకటే రాగం తీస్తుంది. చప్పుడు ఒక లెక్క ప్రకారం వస్తూ పోతూ ఉంటే చైన్ అంతా ఒకేలా అరగలేదని అర్థం. అప్పుడు చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పి, ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో వెతికి, అక్కడే కొలవాలి. చక్రం తిరుగుతున్నంతసేపూ మాట్లాడనిచ్చేది కాదు. నేను నోరు తెరిస్తే, నాడి చూస్తున్నప్పుడు రోగి కదిలితే పట్టుకున్నట్టు నా మణికట్టు పట్టుకునేది.

కొలత మాత్రం స్కేలుతో కాదు. బండి డబుల్ స్టాండ్ వేసి, కింది వరస చైన్‌ని సరిగ్గా మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించేది. రెండు వేళ్ల మందం ఆడాలి. అంతకంటే ఎక్కువ ఆడితే వెనక చక్రం నట్టు పానాతో వదులుచేసి, అటూ ఇటూ ఉన్న బోల్టుల్ని సమానంగా, ఒక గీత అటైతే ఒక గీత ఇటు తిప్పి, మళ్లీ ఆడించి చూసేది.

"ఇంకొంచెం బిగిస్తే చప్పుడు అస్సలుండదు కదా అక్కా?" అని అడిగాను ఒకసారి.

"ఇప్పుడు బండి మీద ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"నువ్వెక్కితే ఈ రెండు వేళ్లు ఒకటిన్నర అవుద్ది. నీ వెనక ఇంకెవరైనా కూర్చుంటే ఒకటి. మనిషి ఎక్కకముందే మనిషి బరువుకి చోటుంచాల. నువ్వు ఇప్పుడే బిగించేశావనుకో, ఎక్కిన మొదటి గుంటలోనే తెగుద్ది."

ఇంజన్ ఆన్‌లో ఉండగా చైన్ దగ్గరికి గుడ్డ తీసుకెళితే మాత్రం చెయ్యి మీద ఫెడీమని కొట్టేది. నిజంగానే కొట్టేది. మొదటిసారి కోపం వచ్చింది. "మా ఆయన ఉంగరం వేలు సగమే ఉంది," అంది. "పాతికేళ్లు మెకానిక్ చేసినవాడు. ఒక్క నిమిషం బద్ధకించాడు."

మా ఆయన అన్న మాట ఆమె నోట వినడం నాకదే మొదలు. ఒంటరి మనిషి అనుకున్నాను అప్పటిదాకా.

ఆయన మలేషియాలో పుట్టిన తెలుగాయన. తాతల కాలంలో తోటల్లో పనికి వెళ్లిన కుటుంబం. కుర్రతనంలో సింగపూర్ వచ్చి మోటారు సైకిళ్ల షాపులో చేరాడు. పిల్లలు లేరు. ఆమె బండి నేర్చుకున్నదీ, చైన్ నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. నేను ఆమెని కలవడానికి రెండేళ్ల ముందు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ఆమె డ్యూటీలతో ఇంట్లో చూసుకోవడం కుదరక, సరిహద్దు అవతల మలేషియాలోని జొహోర్‌లో, సముద్రం మీది కాజ్‌వే రోడ్డు దాటాక అరగంట దూరంలో ఉన్న ఒక చిన్న వృద్ధుల ఆశ్రమంలో ఉంచింది. ఇరవై మంది కూడా ఉండరు అందులో. రోజూ రోగులకి ఒళ్లు తుడిచి అన్నం తినిపించే మనిషి, సొంత మనిషికి ఆ పని వేరేవాళ్ల చేత చేయించాల్సి వచ్చిందని ఎప్పుడూ నోటితో అనలేదు. కానీ ఆదివారం ఒక్కటి తప్పనిచ్చేది కాదు. వానైనా, జ్వరమైనా, పండగైనా.

"నువ్వు కూడా రా ఒకసారి," అంది. "ఆయన తెలుగు మాట విని చానాళ్లయింది. నా గొంతు తప్ప."

ఆ ఆదివారం రెండు బళ్ల మీద వెళ్లాం. ఇమిగ్రేషన్ దగ్గర మోటారు సైకిళ్ల వరస కొండచిలువలా మెలికలు తిరిగి ఉంది. ఆ వరసలో ఆమెకి పండగ. ప్రతి చైనూ వినేది. సరిగ్గా ముందున్న ఒక మలయ్ కుర్రవాడి భుజం తట్టి, "బ్రదర్, యువర్ చైన్ టూ టైట్ లా," అంది, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా'తో సహా. అతను హెల్మెట్ అద్దం ఎత్తి, తన చైన్ వంక చూసి, "థ్యాంక్యూ కకా" అన్నాడు. కకా అంటే మలయ్‌లో అక్క. వాళ్లెవరూ కూడా ఆమెని ఆంటీ అనలేదు.

ఆశ్రమం ఇంకో మలుపు ఉందనగా ఆమె బండి ఆపింది. రోడ్డు పక్కన దిగి, సీటు కిందున్న పానా తీసి వెనక చక్రం నట్టు విప్పడం మొదలుపెట్టింది. ఏదో చెడిపోయిందనుకుని నేను కూడా దిగాను. చూస్తే, అటొక బోల్టు ఇటొక బోల్టు వెనక్కి తిప్పి, చక్కగా ఉన్న చైన్‌ని నాలుగు వేళ్లు ఆడేంత వదులు చేస్తోంది.

"అక్కా, ఏం చేస్తున్నరు? మంచిగనే ఉండె కదా!"

ఆమె నట్టు మళ్లీ బిగించి, చేతులు తుడుచుకుని, "ఆయనకి పని కావాలి తమ్ముడూ," అంది. "లోపల నోరు జారబాక." ఆ మలుపు నుంచి గేటు దాకా బండి ఎక్కలేదు. తోసుకుంటూనే వచ్చింది.

బావగారు వరండాలో చక్రాల కుర్చీలో కూర్చుని ఉన్నారు. తల స్నానం చేయించి, నున్నగా దువ్వి, తెల్లచొక్కా వేశారు. నేను నమస్కారం పెట్టి, "బావగారూ, బాగున్నరా" అంటే ఎడమ చెయ్యి ఎత్తారు, సగం వేలు కనబడింది. కళ్లు మాత్రం నన్ను దాటి బండి మీదే ఉన్నాయి. అక్క బండిని ఆయన కుర్చీ పక్కనే డబుల్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇంజన్ ఆపి, వెనక చక్రాన్ని చేత్తో ఒక్క తిప్పు తిప్పింది. ఆయన కళ్లు మూసుకున్నారు. చైన్ టకటకమంటూ తిరిగి ఆగింది. ఆయన కళ్లు తెరిచి, ముందుకి వంగి, చూపుడు వేలితో చైన్ ఆడించి చూసి, అక్క ముఖంలోకి చూసి నాలుగు వేళ్లు చూపించారు. ఆ చూపులో ఎంత చిరాకు, ఇన్నేళ్లు నేర్పితే ఇదా అన్నట్టు!

"మర్చిపోయాన్లే," అంది అక్క తల వంచుకుని. "వారం అంతా డ్యూటీలే."

ఆయన వేలితో చూపిస్తూ ఉంటే ఆమె బిగించింది. ఒక గీత. ఇంకో గీత. చాలు అని అరచెయ్యి అడ్డం పెట్టారు. మళ్లీ తిప్పింది, మళ్లీ కళ్లు మూసుకున్నారు, ఆ తరువాత బొటనవేలు పైకెత్తారు. అప్పుడు ఆమె ఆయన వేలికంటిన గ్రీజుని తడి తువ్వాలుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది. గోళ్ల సందుల్లో, వేళ్ల మధ్య, సగం వేలి కొస దాకా. గ్రీజు పోయాక కూడా తుడుస్తూనే ఉంది. ఆ ఆశ్రమంలో వాళ్లిద్దరికీ ఏకాంతం అంటే అదే అని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమై, లేచి గేటు దాకా వెళ్లి నిలబడ్డాను.

ఆ తరువాత నెలకో రెండు నెలలకో ఒకసారి నేనూ వెళ్లేవాణ్ని. ప్రతిసారీ అదే మలుపు దగ్గర ఆగేది. ప్రతిసారీ ఆయన చిరాకుపడేవారు.

ఒక ఆదివారం కాజ్‌వే మీద ఉండగానే పెద్ద వాన పట్టుకుంది. రెయిన్‌కోట్లున్నా నిలువునా తడిసిపోయాం. దారంతా నీళ్లు. ఎప్పుడెప్పుడు లోపల పడదామా అన్న తొందరలో ఇద్దరం మలుపు దాటేసి నేరుగా వరండాలోకి వచ్చేశాం. ఆయన అప్పటికే గంట నుంచి గేటు వైపు చూస్తున్నారని అక్కడి ఆయా చెప్పింది. అక్క తడి జుట్టు ముఖం మీంచి తోసుకుని, బండి నిలబెట్టి, అలవాటుగా చక్రం తిప్పింది. తిప్పాక గుర్తొచ్చింది ఆమెకి. టైరు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. నాకూ అప్పుడే గుర్తొచ్చింది. చైన్ వదులు చెయ్యలేదు. నిన్ననే సరిచేసి ఉంటుంది కూడా, చప్పుడే లేకుండా తిరిగింది.

బావగారు కళ్లు తెరిచారు. వంగి, వేలితో ఆడించారు. రెండు వేళ్లే, నాకే కనబడుతోంది. ఆయన చైన్ వంక చూశారు. తడిసి ముద్దై, వణుకుతూ, బడిలో పట్టుబడిన పిల్లలా నిలబడ్డ ఆమె వంక చూశారు. చాలాసేపు చూశారు. అప్పుడు మెల్లిగా తల అడ్డంగా ఊపి, నాలుగు వేళ్లు చూపించారు.

అక్క ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. "అవునా?" అంది చివరికి. "వదులైందా? సరే, ఉండు." పానా తెచ్చింది. నట్టు విప్పింది. బోల్టుల్ని కాస్త ఇటు తిప్పి, మళ్లీ ఎక్కడున్నవి అక్కడికే తెచ్చి, బిగించింది. చక్రం తిప్పింది. ఆయన కళ్లు మూసుకుని విని, బొటనవేలెత్తారు.

తిరిగొచ్చేటప్పుడు వాన వెలిసింది. జొహోర్‌లోనే ఒక కొట్టు దగ్గర టీకి ఆగాం. అక్క గ్లాసు ముందు పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"తెలుసు తమ్ముడూ ఆయనకి. నేను వదులు చేసి తీసుకెళుతున్నానని తెలుసు. ఎప్పట్నుంచి తెలుసో!" అంది. "చూశావా ఎంత దొంగ మనిషో. ఇన్నాళ్లు ఆ చిరాకంతా పడ్డాడే, ఒక్కసారన్నా నవ్వు బయటపడనియ్యలేదే!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. తరువాత నా గ్లాసు నా వైపు జరిపి, "టీ చల్లారిపోతోంది, తాగు," అంది నాతో.

తెలిసిందని ఆమె మానలేదు. తెలిసిపోయిందని ఆయనా మానలేదు. మరుసటి ఆదివారం మళ్లీ మలుపు దగ్గర ఆగి పానా తీసింది. ఆ తరువాత ఏడాదిలోపే ఆయన నిద్రలో పోయారు. నాకు ఆఫీసుకి ఫోన్ చేసి, "తమ్ముడూ, ఒకసారి అవతలికి వెళ్లి రావాలి. ఈసారి బండి మీద వద్దు," అంది. మిగతాది చెప్పనక్కర్లేకపోయింది.

ఆయన పోయాక ఆదివారాలు ఏం చేస్తుందో అని భయపడ్డాను. ఏముంది, వెళుతూనే ఉంది. ఆయన బట్టలు తెచ్చుకోవడానికని వెళ్లిన రోజున ఆయన గదిలోనే ఉండే చైనీస్ ముసలాయన, ఒకప్పటి లారీ డ్రైవరట, బండిని చూపించి, చక్రం తిప్పవేం అన్నట్టు చెయ్యి గుండ్రంగా తిప్పాడట. డబుల్ స్టాండ్ వేసి తిప్పింది. ఆ ముసలాయనకి చైన్ గురించి ఏమీ తెలియదు. వింటూ కూర్చున్నాడు. "వారం వారం వరండాలోంచి నన్నే కదా చూసేవాడు. పాపం, మా ఆయనతో పాటు అతనికీ అలవాటైపోయింది," అంది నాతో. అప్పట్నుంచి అతనికి గడ్డం గీసేది, గోళ్లు తీసేది, ఇడ్లీలు చేసి పట్టుకెళ్లేది.

దూరమైంది నేనే. పెళ్లయింది. సెంగ్‌కాంగ్‌లో ఇల్లు తీసుకున్నాం. పాప పుట్టాక మా ఆవిడ బండి వద్దంది, అమ్మేశాను. కొనేవాడు చూడ్డానికి వచ్చే రోజున అక్క వుడ్‌ల్యాండ్స్ నుంచి పనిగట్టుకుని వచ్చి, పాత టూత్‌బ్రష్షుతో చైన్ కడిగి, నూనె పెట్టి, బిగువు చూసి వెళ్లింది. "ఎవడి చేతిలో పడుతుందో ఏమో, నాలుగు రోజులన్నా సుఖంగా తిరగనీ," అంది. ఆ తరువాత కలవడాలు ఫోన్లయ్యాయి. ఫోన్లు పండగ మెసేజ్‌లయ్యాయి. వుడ్‌ల్యాండ్స్‌కి రైల్లో గంట కూడా పట్టదు. ఆ గంట నాకు దొరకలేదు. దొరకలేదనే అనుకున్నాను.

రెండు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున ఆమే ఫోన్ చేసింది. "మకాన్ అయిందా?" అని మొదలుపెట్టింది. గొంతు కొంచెం నీరసంగా ఉంది, డ్యూటీ చేసి వచ్చిందేమో అనుకున్నాను. రిటైరై అప్పటికి ఏడాదైందన్న సంగతి కూడా నాకు గుర్తు లేదు.

"ఒక ఆదివారం నాతో రా తమ్ముడూ. బస్సులో పోదాం. అక్కడి ముసలాయనకి నిన్ను మళ్లీ ఒకసారి చూపించాల."

వెనక నుంచి మా పాప, "నాన్నా, స్విమ్మింగ్‌కి లేట్ లా!" అని అరుస్తోంది.

"వచ్చే వారం కచ్చితంగా వస్తా అక్కా."

"వచ్చే వారం అనబాక," అంది. కోపం లేదు గొంతులో. "రాలేనని చెప్పు, ఏం కాదు."

"లేదక్కా, తప్పక వస్తా," అన్నాను.

బస్సులో పోదాం అంది. ఆమె, బస్సులో! ఆ మాట నేను విన్నాను. విని కూడా ఏమిటక్కా, బండేమైంది, ఒంట్లో ఎట్లా ఉంది అని అడగలేదు. నీళ్ల బాటిల్ ఎక్కడ పెట్టామని మా ఆవిణ్ని అడుగుతూ ఫోన్ పెట్టేశాను. వచ్చే వారం వెళ్లలేదు. ఆ పై వారమూ వెళ్లలేదు. ఆమె మళ్లీ అడగలేదు.

మెసేజ్ వచ్చిన తరువాతి ఆదివారం ఒక్కణ్నే బయల్దేరాను. కాజ్‌వే బస్సు కిటికీ పక్కన కూర్చుంటే కింద మోటారు సైకిళ్ల వరస కదులుతోంది. కిటికీ మూసి ఉంది. ఏ బండి చప్పుడూ పైకి వినబడలేదు. ముసలాయనకి చెప్పాల్సిన వాక్యాన్ని ఇంగ్లీషులో, ఆయనకి అర్థమయ్యేలా, చిన్న చిన్న మాటలతో దారంతా కూర్చుకున్నాను.

గేటు దగ్గర ఆయా నన్ను గుర్తుపట్టింది. "కకా ఎక్కడ? ఇన్ని వారాలు రాలేదే?" అని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. తలకి కట్టుకున్న గుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరండా వైపు చెయ్యి చూపించి, "పొద్దున ఏడింటికే స్నానం చేయించమంటాడు. ఆదివారమని ఎవరు చెబుతారో ఆయనకి," అంది.

వరండాలో బెంచీ మీద ముసలాయన గేటుకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. బక్కగా, తెల్ల బనియనుతో, నున్నగా దువ్విన నాలుగు వెంట్రుకలతో. గడ్డం పెరిగి ఉంది. నేను దగ్గరికి వెళ్లేసరికి నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని పక్కకి ఒరిగి చూశాడు.

"యూ హర్ బ్రదర్ ఆ?" అన్నాడు.

"యెస్, అంకుల్."

"షీ వేర్?"

నోటి దాకా వచ్చిన వాక్యం అక్కడే ఆగిపోయింది. ఆయన కళ్లు నా ముఖం మీద ఉన్నాయి, ఒక్క రెప్ప కూడా కదలకుండా.

"జామ్, అంకుల్," అన్నాను. "కాజ్‌వే మీద జామ్."

ఆయన మెల్లిగా తలాడించాడు. "సండే," అన్నాడు. "ఆల్వేస్ జామ్ లా."

బెంచీ మీద కాస్త జరిగి నాకు చోటిచ్చాడు. నేను కూర్చున్నాను.